గాజు బాబాయ్ చూడని గాజు

ఆ ఫిజిక్సు బిల్డింగులో పై అంతస్తు లెక్కలు వేసేవాళ్ళది. మధ్య రెండు అంతస్తులూ ప్రయోగాలు చేసేవాళ్ళవి. కింద, మెట్ల వెనక్కి తిరిగితే, గ్యాసు వాసనా వెచ్చదనమూ కలిసి మొహానికి తగిలే గది ఒకటుంది. అది గాజు బాబాయ్‌ది. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. హెడ్డు గారి దగ్గర్నుంచి గదులు తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆయన గాజు బాబాయే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే స్టూలు మీద కూచుని, మంట ముందు గాజుగొట్టాన్ని తిప్పుతూ, రబ్బరు ట్యూబులోంచి నోటితో ఊదుతూ, ఏ దుకాణంలోనూ దొరకని ఆకారాలు చేసిపెడుతున్నాడు.

మనిషి నెమ్మది. కోపమొస్తే గొట్టాన్ని ఇంకాస్త నెమ్మదిగా తిప్పుతాడు, అంతే. కానీ పని దగ్గర ఆయన పట్టింపు చూస్తే ఎదుటివాడికి అరికాలి మంట నెత్తికెక్కాల్సిందే. "బాబాయ్, అర్జెంటు" అంటూ వచ్చినవాడికి పక్క స్టూలు చూపించి, "కూచో నాయనా. గాజుకి అర్జెంటు తెలీదు" అనేవాడు. ఆ మాట విని తిట్టుకోకుండా మెట్లెక్కినవాడు లేడు.

ఆయన చెప్పేది నిజమే. మంటలో అతికించిన గాజు చల్లారినట్టు పైకి కనిపిస్తుంది గానీ లోపల బిగువు ఉండిపోతుంది. దాన్ని ఓవెన్లో పెట్టి మళ్ళీ కాచి, గంటగంటకీ కొంచెం కొంచెంగా చల్లార్చాలి. గొట్టం చివర అతికించే కిటికీలు, అంటే కాంతి పోయే గాజుబిళ్ళలు, మందంగా ఉంటే రెండు రోజులు పడుతుంది. తర్వాత, ఒకే వాలున ఊగే కాంతిని మాత్రమే వదిలే పోలరాయిడ్ పలకలు రెంటిని ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టి, వాటి మధ్య పెట్టి, వెనక దీపం వేసి చూడాలి. గాజు బాగుంటే అంతా నల్లగా ఉంటుంది. ఎక్కడన్నా బిగువు మిగిలితే అక్కడ తెల్లగా మెరుస్తుంది. బాబాయ్ ప్రతి వస్తువునీ అలా చూసి, చిన్న కాగితం ముక్క మీద "చూశాను" అని రాసి, తేదీ వేసి, దారంతో కట్టి ఇచ్చేవాడు. ఆ చీటీ ఉన్న గాజుని మళ్ళీ పరీక్షించడమంటే ఆ బిల్డింగులో బాబాయ్ మొహం మీదే తలుపు వేసినట్టు. అందుకని ఎవరూ పరీక్షించేవారు కారు.

అలాంటి గదిలోకి ఒకరోజు పై అంతస్తు నుంచి పిచ్చుక దిగింది. పిచ్చుక అంటే రీసెర్చి చేసే అమ్మాయి. ఒక్కచోట నిలబడి మాట్లాడదు, గుమ్మంలో ఒకసారి, బల్ల దగ్గర ఒకసారి, ఓవెన్ పక్కన ఒకసారి వాలుతుంది. ఆ పేరు పెట్టింది బాబాయే. లెక్కల్లో ఆ అమ్మాయి దిట్ట. ఆ దారిలోనే వెళ్తే హాయిగా పేరు తెచ్చుకునేది. కానీ వినదే!

"రెండేళ్ళు అణువుల్ని కాగితం మీదే చూశాను బాబాయ్. ఒక్కసారి నా చేతుల్తో చెయ్యాలనుంది. అందరూ నీకెందుకు, నీ చేతికి స్క్రూడ్రైవరు పట్టడం కూడా రాదు అంటున్నారు" అంది.

"రాదా మరి?"

"రాదు. నేర్చుకుంటాను."

ఆ జవాబు బాబాయ్‌కి నచ్చింది. ఆ అమ్మాయి గైడు, మేడమ్, నచ్చకపోయినా ఒప్పుకుంది. ప్రయోగాల అంతస్తులో ఒక బల్లా, రెండేళ్ళు గడువూ ఇచ్చి, ఆలోగా ఫలితం రాకపోతే బల్ల ఖాళీ చేసి పైకి వెళ్ళిపోవాలని షరతు పెట్టింది.

ఇంతకీ ఆ ఫలితమేమిటో బాబాయ్‌కి ఒక మధ్యాహ్నం భోజనాల వేళ అర్థమైంది. ఆయన భార్య దర్జీ. రెండు వీధుల అవతల ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. రోజూ కేరేజీ తెచ్చి, ఆయన తినేదాకా కాపలా కూచుని, ఖాళీ గిన్నెలతో వెళ్తుంది. ఆవిడ సంచీలో గుండీలు ఎప్పుడూ ఉంటాయి. పిచ్చుక వాటిల్లోంచి ఒక నల్లదీ ఒక తెల్లదీ తీసింది.

"ఈ రెంటినీ రెండు కవర్లలో పెట్టి, కలిపేసి, పిన్నికొకటి ఇచ్చి ఇంటికి పంపాననుకో. నువ్విక్కడ కవరు విప్పితే నల్లది. అంటే పిన్ని దగ్గర తెల్లది."

"ఇందులో వింతేముందే? కవర్లో పెట్టినప్పుడే తేలిపోయిందిగా" అన్నాడు బాబాయ్.

"అదీ! గుండీలకైతే ముందే తేలిపోతుంది. నేను పుట్టించే కాంతి రేణువులు జంటగా పుడతాయి. వాటికి రంగు బదులు వాలు ఉంటుంది, ఇటో అటో. ఆ వాలు పుట్టినప్పుడే తేలిపోయిందా, చూసినప్పుడు తేలుతుందా? రెండు వైపులా పోలరాయిడ్లు పెట్టి, రకరకాల కోణాల్లో తిప్పి లెక్కపెడితే చివరికి ఒక అంకె వస్తుంది. అంతా ముందే తేలిపోయి, ఇక్కడి సంగతి అక్కడికి చేరకుండా ఉంటే, ఆ అంకె రెండు దాటడానికి వీల్లేదు. దాటిందంటే అవి గుండీలు కావన్నమాట."

"దాటుతుందా?"

"వేరేవాళ్ళకి దాటింది. నా చేతుల్తో దాటించాలి."

దర్జీ పిన్ని గుండీలు రెండూ లాక్కుని సంచీలో వేసుకుంది. "దాటించు తల్లీ, కానీ నా గుండీలు నాకు లెక్కకి రావాలి" అంది.

ఆ అంకె రెండు దాటితే దానర్థమేమిటన్నది మాత్రం ఆ బిల్డింగులో ఎవరికీ తెగని పంచాయితీ. టీ వేళ వరండాలో చేరారంటే ఇక వినాలి. ఒకాయన, లెక్క సరిగ్గా వస్తోంది కదా, అర్థమెందుకయ్యా అంటాడు. ఇంకొకాయన, చూసిన ప్రతిసారీ లోకం చీలుతుంది, నల్ల గుండీ వచ్చిన లోకం ఒకటి, తెల్ల గుండీ వచ్చిన లోకం ఒకటి అంటాడు. అదెలా కుదురుతుందని మూడో ఆయన కప్పు బల్ల మీద కొడతాడు. ఒకసారి బాబాయ్, "ఏదో ఒక లోకంలోనన్నా నా గదికి కిటికీ పెట్టించారా బాబూ?" అని అడిగితే ముగ్గురూ మొదటిసారి ఒక్కమాట మీద నవ్వారు.

పిచ్చుక వచ్చాక ఆయనకి తన పనే కొత్తగా కనిపించసాగింది. మంటలో గాజు పసుప్పచ్చగా భగ్గున వెలుగుతుంది. ఆ వెలుగుని ఆపడానికి ఆయన గులాబీరంగు కళ్ళజోడు పెట్టుకుంటాడు. "ఆ పసుపు గాజులో ఉన్న సోడియం అణువులది బాబాయ్. అణువులో శక్తికి మెట్లే ఉంటాయి, జారుడుబల్ల ఉండదు. ఒక మెట్టు దిగితే ఒకే రంగు వస్తుంది. నీ అద్దాల్లో ఉన్న అణువులు సరిగ్గా ఆ రంగునే మింగుతాయి. ఇన్నేళ్ళూ క్వాంటం మెకానిక్సుని ముక్కు మీద పెట్టుకు తిరుగుతున్నావు!" అంది ఒకరోజు. బాబాయ్ పొంగిపోయి ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. "అందుకేనేమో, ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా మీకు కనపడదు" అందావిడ.

ఆ అమ్మాయికి కావలసిన గాజు బొటనవేలంత గొట్టం. రెండు చివర్లా మందమైన చదును కిటికీలు. లోపల గాలి తీసేసి, రుబీడియం అనే లోహం ఇసుమంత వేసి, మూతి కరిగించి మూసెయ్యాలి. దాన్ని వేడిచేసి లేజరు పంపితే ఆ ఆవిరిలోంచి కాంతి రేణువుల జంటలు పుడతాయి. బాబాయ్ అలాంటివి ఒకేసారి రెండు చేశాడు, ఒకటి పగిలితే ఇంకొకటి ఉంటుందని. రెండు రోజులు చల్లారాలని ఓవెన్లో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నుంచీ పిచ్చుక కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వాళ్ళమ్మ ఊర్నుంచి వచ్చింది, సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. కూతురు ఏం చేస్తోందో ఆవిడకి అర్థం కాదు. "బల్ల మీద అన్నీ పెట్టి, ఇదిగో నేను చేసింది అని ఒక్కసారి చూపిద్దామనుకున్నాను. పోన్లే బాబాయ్, గాజుకి అర్జెంటు తెలీదుగా" అంది. అనేసి అలిగినా బాగుండేది. నవ్వి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు బాబాయ్‌ని కూచోనివ్వలేదు. పిల్లలు లేని మనిషి. ఒక పిల్ల తనకోసం పదిసార్లు గుమ్మంలోకి రావడం ఆయనకి అలవాటు లేదు. మధ్యాహ్నానికి ఓవెన్ తలుపు తీశాడు. గాజు చేతికి గోరువెచ్చగా తగిలింది. రుబీడియం వేసి మూసేసరికి మూడైంది. ఇక పోలరాయిడ్ల మధ్య పెట్టి చూస్తే ఏదన్నా మెరుపు కనిపిస్తుందేమో, కనిపిస్తే ఇవ్వలేడు. అంచేత చూడలేదు. చీటీ మీద "చూశాను" అని రాసి, తేదీ వేసి, దారం కట్టి తనే మెట్లెక్కి ఇచ్చొచ్చాడు. వాళ్ళమ్మ ఆ చిన్న గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇదేనా తల్లీ?" అని మురిసిపోయిందట. అది విని బాబాయ్ కూడా మురిసిపోయాడు. దాంతోపాటే ఓవెన్లోంచి తీసిన రెండోదాన్ని బీరువాలో పెట్టి ఆ సంగతే మరిచిపోయాడు.

తర్వాత పదకొండు నెలలు ఆ అంకె రెండు దాటలేదు.

ఒకటి పాయింటు తొమ్మిది. ఒక్కోసారి ఒకటి పాయింటు ఎనిమిది. పిచ్చుక అద్దాలు మార్చింది, లేజరు మార్చింది, రేణువుల్ని లెక్కపెట్టే యంత్రాల్ని విప్పి మళ్ళీ బిగించింది. బల్లని మూడుసార్లు ఖాళీ చేసి మొదట్నుంచీ కట్టింది. వాలడం మానేసింది. బాబాయ్ గదికి వచ్చినా ఒకే స్టూలు మీద కదలకుండా కూచునేది. 

"ఎక్కడో తప్పు చేస్తున్నాను బాబాయ్. అన్నీ చూశాను."

"గాజు బాగానే ఉందా?" అని ఒకసారి మాటవరసకి అడిగాడాయన.

"నువ్వు చూసిచ్చిన గాజుకేం? ఆ బల్ల మీద నేను నమ్మేది అదొక్కటే" అంది. బాబాయ్ సంతోషించాడు. అవును, సిగ్గులేకుండా సంతోషించాడు.

గడువుకి రెండు నెలలుందనగా ఒక మాట జారింది. "విచిత్రం బాబాయ్, లేజరుని వెంట్రుకవాసి పక్కకి జరిపితే అంకె మారిపోతోంది. ఒక్కో చోట ఒక్కోలా వస్తోంది" అంది పిచ్చుక, ఇంకేదో చెబుతూ మధ్యలో. ఆయన తిప్పుతున్న గొట్టం మంటలో వాలిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి, గొట్టం వాలిపోవడమంటే ఏమిటి!

ఆ అమ్మాయి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, బీరువాలోంచి రెండో గొట్టం తీసి పోలరాయిడ్ల మధ్య పెట్టాడు. నల్లగా ఉండాల్సిన కిటికీ అంచు చుట్టూ తెల్లటి మరకలు, ఇక్కడొకటి, అక్కడొకటి. కాంతి వాలుని ఒక్కో చోట ఒక్కోలా మెలిపెట్టే బిగువు అది. ఒకే ఓవెన్లో, ఒకేసారి తీసిన జంట. దీనికున్నది దానికి లేకుండా ఎలా పోతుంది? బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పే ధైర్యం చాలక వెనక్కి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

ఆయన్ని తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, ఆయన చేసిన పని ఇదీ. మర్నాడే కొత్త గొట్టం మొదలుపెట్టాడు. రెండు రోజులు కాదు, నాలుగు రోజులు చల్లార్చాడు. పోలరాయిడ్ల మధ్య పెట్టి ఆరుసార్లు చూశాడు. చిమ్మచీకటిలా నల్లగా ఉంది. పైకి తీసుకెళ్ళి, "ఏడాదిగా వేడిలో ఉంది కదా, పాతదాని కిటికీ మసకబారి ఉంటుంది. ఇది పెట్టుకో" అని చెప్పాడు. నోట్లోంచి అబద్ధం అంత నున్నగా వస్తుందని ఆయనకే తెలీదు. కొత్తది పెట్టాలంటే బల్లంతా విప్పి కట్టాలి. పిచ్చుక పది రోజులు కట్టింది.

రెండు పాయింటు నాలుగు వచ్చింది.

మేడమ్ గదిలోంచి బయటికి పరిగెత్తుకొచ్చిందట. వరండాలో ముగ్గురూ ఆ అంకెకి అర్థమేమిటని వెంటనే కొట్టుకోవడం మొదలుపెట్టారు. పిచ్చుకకి డిగ్రీ ఖాయం. బాబాయ్ గుండెల మీంచి బరువు దిగింది. తప్పు జరిగింది, సరిదిద్దాడు, ఎవరికీ నష్టం లేదు, ఇక చెప్పడమెందుకు అనుకున్నాడు.

కానీ పిచ్చుక మళ్ళీ వాలలేదు. వారం తర్వాత మేడమ్ ఇంకో ప్రయోగానికి కొత్త బల్ల కట్టే బాధ్యత ఆ అమ్మాయికే ఇస్తానంది. పిచ్చుక వద్దంది. పై అంతస్తుకి వెళ్ళిపోతానంది.

"అదేంటే? దాటించావుగా!" అన్నాడు బాబాయ్.

"ఎలా దాటిందో తెలీదు బాబాయ్. పదకొండు నెలలు ఏం తప్పు చేశానో తెలీదు, ఈసారి ఏం సరిగ్గా చేశానో తెలీదు. కిటికీ మసకబారితే లెక్కకి దొరికే రేణువులు తగ్గుతాయి గానీ అంకె మారదు. మళ్ళీ కట్టేటప్పుడు ఏదో నా ప్రమేయం లేకుండా సర్దుకుంది. అలాంటి చేతుల్తో ఇంకో బల్ల ఎలా కట్టను?" చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ అంది. "అందరూ ముందే చెప్పారు, నేను వినలేదు."

ఆ పూట బాబాయ్ అన్నం సగంలో వదిలేశాడు. భార్య కేరేజీ మూత వెయ్యకుండా ఎదురుగా కూచుంది. ముప్ఫై ఏళ్ళ కాపురం, దాపరికం ఎంతసేపు! అంతా చెప్పేశాడు.

"కొత్తది చేసిచ్చాగా. ఇక చాలదా?" అన్నాడు చివర.

ఆవిడ చేతిలో మూత పక్కన పెట్టింది. "నేను ఎవరికో గౌను కొలత తప్పు కత్తిరించాననుకోండి. అది బిగుతైంది. నేను నోరు మూసుకున్నాను. ఆవిడేమనుకుంటుంది? తను లావయ్యాననుకుని తిండి మానేస్తుంది. తర్వాత ఇంకో గౌను సరిగ్గా కుట్టిచ్చినా ఆ భయం పోదు కదండీ. తిండి తినమ్మా, తప్పు నా కత్తెరదీ అని నేను చెప్తేనే కదా ఆవిడ తినేది!"

బాబాయ్ చెయ్యి కడుక్కున్నాడు. బీరువాలోంచి రెండో గొట్టం తీసి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. ఎక్కుతుంటే భయమేసింది. డిపార్ట్‌మెంటు ఏమంటుందోనని కాదు. ఆ బల్ల మీద నేను నమ్మేది అదొక్కటే అన్న మొహం ఎలా మారుతుందోనని.

పిచ్చుక థీసిస్ రాసుకుంటోంది. మొదటి పదకొండు నెలల లెక్కలు ఎందుకు రాలేదో చెప్పే పేజీ అది. పరిశోధకురాలి చేతి పనిలో లోపం వల్ల అని రాసి, తర్వాత వాక్యం తోచక కూచుంది.

"అది కొట్టెయ్యి" అన్నాడు బాబాయ్.

"ఏది?"

"లోపం నీ చేతిది కాదు. గాజుది. మీ అమ్మగారు సాయంత్రం బండికి వెళ్ళిపోతారన్నావు. రెండు రోజులు ఉంచాల్సింది ఒక్కరోజుకే తీసేశాను."

"చీటీ మీద చూశానని రాశావు కదా బాబాయ్?"

"రాశాను. చూడలేదు."

"దాంతోపాటే తీసిన జంట ఇది" అంటూ జేబులోంచి గొట్టం తీసి ఇచ్చాడు. పిచ్చుక దాన్ని బల్ల మీద ఉన్న రెండు పోలరాయిడ్ల మధ్య పెట్టి దీపం వేసింది. తెల్లటి మరకల్ని చాలాసేపు చూసింది. గొట్టాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. 

"పదకొండు నెలలు" అంది. గొంతు పెద్దదైంది. "పదకొండు నెలలు బాబాయ్! నేను బాత్రూములో కూచుని ఏడ్చేదాన్ని తెలుసా? వాలు తేలేది పుట్టినప్పుడా చూసినప్పుడా అని ప్రపంచమంతా తలలు బద్దలుకొట్టుకుంటుంటే, నా తల మాత్రం ఈ స్క్రూ ఎటు తిప్పాలా అని బద్దలైంది! కొత్తది ఇచ్చినప్పుడన్నా చెప్పొచ్చుగా?"

"చెప్పాలి. భయపడ్డాను."

"దేనికి?"

"నువ్వు నా గదికి రావేమోనని."

పిచ్చుక కుర్చీలో కూచుని రాసిన వాక్యాన్ని కొట్టేసింది. "ఏం రాయను మరి?" అంది, మొహం ఎత్తకుండా.

"ఉన్నదే రాయి. గాజు చేసినవాడు చూడకుండా చూశానని ఇచ్చాడని రాయి."

ఆ అమ్మాయి రాసింది. చూడకుండా అన్నమాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది గానీ, రాసింది. రాశాక కలం పక్కన పెట్టి, దీపం వెలుగులో రెండు చేతులూ చాపి పెట్టుకుంది. వేళ్ళ చివర స్క్రూలు తిప్పి తిప్పి కాయలు కాశాయి. ఎడమ మణికట్టు మీద లేజరు పెట్టె తగిలిన మచ్చ ఒకటి ఉంది.

"అయితే బల్ల మొదటిసారే సరిగ్గా కట్టానా బాబాయ్?"

"మొదటిసారే."

"మూడుసార్లు విప్పాను."

"మూడుసార్లూ సరిగ్గానే కట్టి ఉంటావు."

పిచ్చుకకి ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేక మొహం మోచేతిలో దాచుకుంది. బాబాయ్‌కి ఆ తల మీద చెయ్యి వెయ్యాలని ఉంది. తనకి ఆ హక్కు ఇంకా ఉందో లేదో తెలీక చెయ్యి జేబులోనే ఉంచుకున్నాడు. కాసేపటికి ఆ అమ్మాయే లేచి, ముక్కు తుడుచుకుని, గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి బల్ల దగ్గర ఆగి, మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళింది.

"మేడమ్ ఇంకా ఉండుంటారా బాబాయ్?"

"ఎందుకే?"

"కొత్త బల్ల నేనే కడతానని చెప్పాలి" అంటూ, జవాబు వినకుండానే పరుగు తీసింది.